డిప్ చేసి ఇచ్చారు కదా అని నేరుగా తొట్టిలో వేయవచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం. 200 లీటర్ల ఉప్పునీటి తొట్టి ఏడాదిన్నరగా నడుపుతున్నాను. రెండు క్లౌన్ చేపలు, ఒక గోబీ ఉన్నాయి. మొన్న బెంగళూరులో నాలుగు జోయా ఫ్రాగ్‌లు (చిన్న పూలలాంటి మెత్తటి పగడాన్ని తుంచి అమ్మే ముక్కలు), ఒక టోడ్‌స్టూల్ లెదర్ (పుట్టగొడుగు ఆకారపు మెత్తటి పగడం) కొన్నాను. అంగడాయన "డిప్ చేసే ఇస్తున్నాం, నేరుగా వేసేసుకోండి" అన్నాడు, అంటే పురుగులు పోయే మందు నీళ్లలో ముంచి ఇచ్చారన్నమాట. ఇంటికొచ్చి చూస్తే ఒక ప్లగ్ (ఫ్రాగ్‌ను అతికించి ఇచ్చే, కాడ ఉన్న చిన్న బిళ్ల) అంచున గోధుమ, తెలుపు గళ్లున్న బల్లపరుపు నత్త ఒకటి కనిపించింది. భయపడి అన్నిటినీ బకెట్లో వేసి ఎయిర్ స్టోన్, హీటర్ పెట్టాను. మిత్రుడొకరు శెనక్కాయ చేనుకు కొట్టే ఇమిడాక్లోప్రిడ్ మందు గ్లాసుకు 20 మిల్లీలీటర్లు కలిపి ముంచమన్నారు, విదేశాల్లో అందరూ అలాగే చేస్తారట. చేయవచ్చా? ఇంకొకటి: నెల కిందట ఏ పరీక్షా లేకుండా వేసిన మష్రూమ్ పగడాల రాయి మీద ఇప్పుడు గాజులా మెరిసే గోధుమరంగు పూలు రెండు మొలిచాయి. అవేమిటి?

సమాధానం: ముందు ఆ మందు సీసా పక్కన పెట్టండి. ఎందుకో తర్వాత చెబుతాం. బకెట్లో విడిగా ఉంచి మంచి పని చేశారు. రోజూ సగం నీళ్లు తీసి తొట్టి నీళ్లతో నింపుతూ ఉంటే నాలుగైదు రోజులు ఆ బకెట్లోనే నిశ్చింతగా ఉంటాయి. ఈలోగా మిగతా ఏర్పాట్లు చేసుకోవచ్చు.

మీరు చెప్పిన గుర్తులను బట్టి అది సన్‌డయల్ నత్త, హీలియాకస్ జాతి. మెట్లు మెట్లుగా పైకి లేవకుండా చుట్టుకున్న గుండ్రటి గుల్ల, దాని మీద గళ్లు, సెంటీమీటరు అటూ ఇటూ సైజు. సందేహముంటే పట్టకారతో తీసి తిరగేసి చూడండి. నోటికి మూతలా ఉండే భాగం చదునుగా కాక మరమేకులా శంకువు ఆకారంలో ఉంటే ఇక అనుమానం లేదు. దీని తిండి జోయాలే. పొడవాటి తొండాన్ని పాలిప్‌లోకి, అంటే పూవులాంటి ఒక్కో పగడపు ప్రాణిలోకి, దించి లోపలి మెత్తటి కండ తింటుంది. పగలు ప్లగ్ కింద నక్కి రాత్రి బయటికొస్తుంది. చేతికి చిక్కే సైజే కాబట్టి ఏరి పారేస్తే ఆ ఒక్కదాని పీడ పోతుంది. కానీ అంగడాయన నిజంగానే డిప్ చేసి ఉండవచ్చు, అయినా ఇది బతికి మీ ఇంటికి వచ్చింది. గుల్లలోకి ముడుచుకుని మూత వేసుకున్న నత్తకు పది నిమిషాల డిప్ పెద్ద లెక్క కాదు.

మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే ఉంది. కదిలే మెత్తటి ప్రాణులను డిప్ చంపుతుంది, లేదా మత్తెక్కించి జారవిడుస్తుంది. చదును పురుగులు, న్యూడిబ్రాంక్‌లు (గుల్ల లేని సముద్రపు నత్తలు), చిన్న పీతలు, సముద్ర సాలీళ్లు దానికి లొంగుతాయి. గుడ్లు లొంగవు. ఎయిప్టేసియా (తెగులులా పెరిగే, పూవులాంటి సముద్రపు ప్రాణి) లొంగదు. సున్నపు గొట్టంలో ఉండే వెర్మెటిడ్ నత్త లొంగదు. బుడగ పాచి, బ్రయాప్సిస్ లాంటి నాచులూ లొంగవు. చేపలకు తెల్లమచ్చల జబ్బు తెచ్చే క్రిప్టోకారియాన్ తిత్తులకు అది అంటనే అంటదు. కాబట్టి డిప్ మొదటి వడపోత మాత్రమే. కంటితో వెతకడం, ప్లగ్ తీసేయడం, వేరే తొట్టిలో కొన్ని వారాలు ఆపడం, ఈ మూడింటితోనే పెద్ద తొట్టికి రక్షణ.

ముందు కళ్లకు పని చెప్పండి. తెల్లటి ప్లాస్టిక్ ట్రే ఒకటి, మంచి టార్చి, సన్న మొనల పట్టకార, మెత్తటి టూత్‌బ్రష్, సూది లేని 50 మిల్లీలీటర్ల సిరంజి చాలు. వీటికి తోడు 10 రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం తెచ్చుకోండి. ప్రొద్దుటూరు బంగారం అంగళ్లలో నగ చూసేటప్పుడు కంటికి ఆనించుకుంటారే, అదే. ఫోన్ కెమెరాతో జూమ్ చేసి తీసిన ఫోటోలో కనపడనివి దీనిలో కనపడతాయి. కొత్త పగడం వచ్చినప్పుడు సంచిలోని నీళ్లన్నీ తెల్ల ట్రేలో పోసి అడుగున ఏం మిగిలిందో చూడాలి. దారిలో కుదుపులకు జారిన పురుగులు అక్కడే దొరుకుతాయి. ఆ నీటిని తొట్టిలో చుక్క కూడా పోయకూడదు.

బెంగళూరు నుంచి మీకు 200 కిలోమీటర్లకు పైగా ప్రయాణం. అంతసేపు మూసి ఉన్న సంచిలో అమ్మోనియా పేరుకుంటుంది. సంచి విప్పగానే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి పీహెచ్ పెరుగుతుంది, పీహెచ్ పెరిగేకొద్దీ అదే అమ్మోనియా మరింత విషమవుతుంది. అందుకే గంటల తరబడి చుక్కచుక్కగా నీళ్లు కలుపుతూ అలవాటు చేయడం పగడాలకు మేలు చేయదు. మూసిన సంచిని 15, 20 నిమిషాలు తేలనిచ్చి వేడి సమం కాగానే విప్పి, పగడాన్ని శుభ్రమైన నీళ్లలోకి మార్చేయండి. ఏప్రిల్, మేలో తెచ్చుకుంటే థర్మాకోల్ పెట్టె తప్పనిసరి, అదీ రాత్రి బస్సులో.

ఇప్పుడు ప్లగ్ సంగతి. తెచ్చినవాళ్లలో నూటికి తొంభై మంది వదిలేసే పని ఇదే అనిపిస్తుంది, తెగుళ్లలో ఎక్కువ భాగం దాక్కునేదీ అక్కడే. ప్లగ్ కింది గాడిలో ఎయిప్టేసియా పిల్ల, కాడ చుట్టూ నత్త గుడ్లు, జిగురు అంచు కింద చదును పురుగు, పక్కన నాచు వేళ్లు. పాత ప్లగ్‌ను అలాగే ఉంచి ఎంత ఖరీదైన డిప్ వాడినా సగం పని వృథా.

జోయాల మీద కత్తి పెట్టేముందు ఒక హెచ్చరిక. జోయాంథిడ్, ముఖ్యంగా పాలీథోవా రకాల్లో పాలీటాక్సిన్ అనే విషం ఉండవచ్చు. సముద్ర జీవుల విషాల్లో అత్యంత ప్రమాదకరమైన వాటిలో అదొకటి. నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి, కళ్లద్దాలు పెట్టుకోండి. చేతి మీద గాయముంటే ఆ రోజు ఆ పని మానేయండి. కోసేటప్పుడు పాలిప్‌లు ముడుచుకుంటూ నీటిని చిమ్ముతాయి, అది కంట్లో పడకూడదు. జోయాలున్న రాయిని వేడినీళ్లలో వేయడం, ఉడకబెట్టడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలు విదేశాల్లో నమోదయ్యాయి. వంటింటి గిన్నెలు, చాకులు ఈ పనికి వాడకండి. పని తర్వాత నోరు చేదుగా అనిపించినా, దగ్గు, జ్వరం, ఒళ్లునొప్పులు మొదలైనా వెంటనే డాక్టరు దగ్గరికెళ్లి పాలీటాక్సిన్ పేరు చెప్పండి. ఊరికే జ్వరమని చెబితే వాళ్లకు తట్టదు.

జోయాలు రబ్బరు చాపలా ఒకదానికొకటి అతుక్కుని పెరుగుతాయి. ఆ చాపకూ ప్లగ్‌కూ మధ్య సన్నటి సర్జికల్ బ్లేడు పోనిచ్చి, నేలకు సమాంతరంగా కొంచెం కొంచెంగా లేపండి. చాలాసార్లు పొరలా ఊడొస్తుంది. ఊడకపోతే బలవంతం చేయకుండా ప్లగ్ కాడను కట్టర్‌తో తుంచి, మిగిలిన బిళ్ల అడుగును బ్లేడుతో గీకి శుభ్రం చేయండి. కొత్త ప్లగ్ మీద అతికించడానికి సయనోఅక్రిలేట్ జిగురు జెల్ రకం కావాలి. నీళ్లలా ఉండే రకం పాలిప్‌ల మీదికి కారిపోతుంది. చాప అడుగును టిష్యూ కాగితంతో అద్ది, శెనగగింజంత జెల్ పెట్టి, అరనిమిషం నొక్కి నీళ్లలో వదిలితే సరిపోతుంది.

లెదర్ విషయంలో మాత్రం తొందరపడవద్దు. దాన్ని కోస్తే జిగట కారుస్తుంది, ఆ జిగట మీద ఏ జిగురూ నిలవదు. టూత్‌పిక్ గుచ్చో, నెట్ గుడ్డ కట్టో వారం పది రోజులు రాయికి ఆనించి ఉంచాలి. ప్రయాణంలో అలసి వచ్చినదాన్ని అంత హింస పెట్టడం కంటే, ప్లగ్ కనపడే భాగమంతా బ్రష్‌తో రుద్ది అలాగే ఉంచడమే మా సలహా. కాడ మొదట్లో, టోపీ కింది మడతల్లో బాగా వెతకండి. లెదర్‌ను తినే ట్రైటోనియాప్సిస్ అనే తెల్లటి న్యూడిబ్రాంక్ అక్కడే ఉంటుంది. నల్లటి తోలు కప్పుకున్న తెల్ల గవ్వ కనిపిస్తే అందంగా ఉందని ఉంచుకోకండి, దాని తిండీ లెదరే.

ప్లగ్ మీద నాచు మిగిలితే మందుల అంగట్లో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ పనికొస్తుంది. సీసా మీద 20 వాల్యూమ్ అని ఉంటే అది 6 శాతం ద్రావణం. దానికి సమంగా ఆర్ఓ నీళ్లు కలిపితే 3 శాతం అవుతుంది. పగడాన్ని నీటి బయట పట్టుకుని, చిన్న బ్రష్‌తో నాచు మీద మాత్రమే రాసి, నిమిషం ఆగి కడిగేయండి. పాలిప్‌ల మీద పడనీయకండి. బుడగ పాచి ఉంటే పగలగొట్టకుండా కింది నుంచి గిల్లి మొత్తంగా తీయాలి, అదీ తొట్టి బయటే.

డిప్‌కు మూడు చిన్న టబ్బులు తీసుకోండి. ఒక్కోదాంట్లో 2 లీటర్ల ఉప్పునీళ్లు, వేడి 25, 26 డిగ్రీలు, ఉప్పు సాంద్రత బకెట్లో ఎంతుందో అంతే. మొదటి దాంట్లో మందు, మిగతా రెండూ కడగడానికి. మందు పాలు సీసా మీద రాసినట్టే వాడండి. ఒక చిక్కు చూసుకోవాలి: దిగుమతి సీసాల మీద కొలత తరచుగా అమెరికా గ్యాలన్‌కు ఉంటుంది. గ్యాలన్ అంటే 3.785 లీటర్లు. గ్యాలన్‌కు 20 మిల్లీలీటర్లు అని రాసి ఉంటే లీటరుకు 5.3, మీ 2 లీటర్ల టబ్బుకు 10.6 మిల్లీలీటర్లు. గ్యాలన్‌ను లీటరుగా చదివి దాదాపు నాలుగింతలు పోసి పగడాలను చంపుకున్న తర్వాత "మందు నకిలీది" అనడం మామూలే. ముంచి ఉంచినంతసేపూ, అంటే సీసా చెప్పిన 5, 10 లేదా 15 నిమిషాలూ, సిరంజితో పాలిప్‌ల సందుల్లోకి గట్టిగా నీళ్లు కొడుతూ ఉండాలి. మందు మత్తెక్కిస్తే ధార దులిపి కింద పడేస్తుంది. ఊరికే ముంచి పక్కకెళ్లి టీ తాగి వస్తే సగం పురుగులు పట్టు విడవకుండా కోలుకుంటాయి. ఆ తర్వాత రెండో టబ్బులో, మూడో టబ్బులో కడిగి, మళ్లీ భూతద్దం కింద ప్రతి కాడా చూడండి. జోయాల నాలుగు ఫ్రాగ్‌లకు ఒకే మందు నీళ్లు వాడొచ్చు. లెదర్‌ను చివర ముంచండి, దాని జిగట నీటిని పాడుచేస్తుంది.

చాలామంది బీటాడిన్ గురించి అడుగుతారు. పోవిడోన్ అయోడిన్ కోతగాయం కుళ్లకుండా కాపాడుతుంది, ప్లగ్ మార్చిన జోయాలకు పలచటి టీ డికాషన్ రంగు వచ్చేంత కలిపి పది నిమిషాలు ఉంచడం మంచిదే. తెగుళ్ల మీద మాత్రం దాని ప్రతాపం అంతంతే. కొనేటప్పుడు సొల్యూషన్ అని ఉన్నదే తీసుకోండి. స్క్రబ్ అని ఉన్నదాంట్లో సబ్బు ఉంటుంది, అది పగడాల్ని చంపుతుంది.

ఇక పురుగుల మందు. మీ మిత్రుడు చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. అమెరికాలో ఇంటి తోటలకు అమ్మే ఒక మందును పగడాలకు డిప్‌గా వాడటం అక్కడి అభిరుచిదారుల్లో పాత అలవాటు. కానీ ఆ సీసాలో ఇమిడాక్లోప్రిడ్ ఉండేది 0.72 శాతం, తోడుగా కొంచెం సైఫ్లుత్రిన్. మన పురుగుల మందు అంగళ్లలో పొలానికి అమ్మే ద్రవం మామూలుగా 17.8 శాతం. అక్కడి కొలత ఇక్కడి సీసాకు పెడితే సుమారు 25 రెట్లు గాఢత. పైగా మందును కరిగించే ద్రావకాలు ఒక్కో తయారీలో ఒక్కో రకం, ఆ ద్రావకమే పగడాన్ని చంపవచ్చు. 25 రెట్లు పలచన చేస్తే సరిపోదా అంటారేమో. లెక్క కుదిరినా ద్రావకం సంగతి తేలదు, ఆపైన సరిగా కడగని ఒక్క ఫ్రాగ్ చాలు, తొట్టిలోని రొయ్యలు, పీతలు, కోపెపాడ్‌లు (కంటికి కనపడీ కనపడని రొయ్యల బంధువులు) పోవడానికి. ఇవన్నీ పురుగుల దాయాదులే, వాటి నరాల మీద ఈ మందు పనిచేసే తీరు ఒకటే. పగడాలకని తయారైన, మొక్కల నూనెల ఆధారిత డిప్‌లు దొరుకుతుంటే ఈ సాహసం ఎందుకు?

డిప్ అయ్యాక మిగిలేది గుడ్లు. జోయాలను తినే న్యూడిబ్రాంక్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీరు తెచ్చిన సరుకులో ఉండగల తెగుళ్లలో ఇదే టక్కరిది. సెంటీమీటరు లోపు పొడవు, వీపు మీద పోగుల్లా కుచ్చులు. ఆ కుచ్చులు అచ్చం జోయా అంచు పోగుల్లా ఉంటాయి. పైగా ఏ జోయాను తింటే దాని రంగే ఒంటికి వస్తుంది. పచ్చ జోయాల్లో పచ్చగా, నారింజ జోయాల్లో నారింజగా కూర్చుంటే ఎదురుగా ఉన్నా కనిపించదు. పట్టిచ్చేవి దాని గుడ్లే. పాలిప్ కాడ మీదో ప్లగ్ అడుగునో తెల్లటి సన్న దారాన్ని చుట్టచుట్టి అంటించినట్టుంటాయి. కనిపించిన ప్రతి చుట్టనూ పట్టకారతో గిల్లి, ఆ చోటును బ్రష్‌తో రుద్ది తీసేయాలి. ఎంత చూసినా ఒకటో రెండో తప్పిపోతాయి. అవి వారం పది రోజుల్లో పిగులుతాయి. పిల్లలు పెరిగి మళ్లీ గుడ్లు పెట్టేలోపు వాటిని పట్టాలి. అందుకే డిప్ ఒక్కసారితో ఆగదు. ఆరేడు రోజుల ఎడంతో నాలుగుసార్లు చేయండి. నడుమ ఎప్పుడైనా ఒక్క పురుగు కనిపించినా, ఒక్క గుడ్డు చుట్ట దొరికినా, లెక్క మళ్లీ మొదటి నుంచి. అలాగని రోజు విడిచి రోజు ముంచకండి. తెగులు మిగిలించిన పగడాన్ని డిప్‌తో చంపుకున్నవాళ్లు తక్కువేమీ లేరు. డిప్ తర్వాత జోయాలు ఒకటి రెండు రోజులు ముడుచుకోవడం మామూలే. మూడు నాలుగు రోజులైనా ఒకే చోటి పాలిప్‌లు తెరుచుకోకపోతే రాత్రిపూట అక్కడే వెతకండి. లెదర్ వారం పైన కూడా ముడుచుకుని, మైనంలాంటి పొర వదిలాక మళ్లీ విచ్చుకుంటుంది. దానికి కంగారు అక్కర్లేదు, నీటి ప్రవాహం కొంచెం పెంచితే పొర త్వరగా ఊడుతుంది.

ఈ వారాలన్నీ గడపడానికి 40 లీటర్ల ఖాళీ తొట్టి చాలు. అడుగున ఇసుక వద్దు, రాళ్లు వద్దు. దాక్కునే చోటు ఎంత తక్కువుంటే మీకంత లాభం. ఒక స్పాంజి ఫిల్టరు కావాలి. ఆ స్పాంజిని నెల ముందే పెద్ద తొట్టి సంప్‌లో (నీరు వడకట్టే కింది తొట్టిలో) వేసి ఉంచితే బ్యాక్టీరియా పట్టి సిద్ధంగా ఉంటుంది. మీకిప్పుడు ఆ వ్యవధి లేదు కాబట్టి పెద్ద తొట్టి సంప్‌లోంచి రెండు గుప్పెళ్ల సిరామిక్ రింగులు తెచ్చి వేయండి. ఇక్కడ వేసినవి తిరిగి అటు పోకూడదు. నీటిని కదిలించే చిన్న వేవ్‌మేకరు, 50 వాట్ల హీటరు, మోస్తరు ఎల్ఈడీ లైటు. వారానికోసారి 10 లీటర్ల నీళ్లు మార్చండి, అదే రోజు డిప్ పెట్టుకుంటే టబ్బులకు ఆ తీసిన నీళ్లే సరిపోతాయి.

చిన్న తొట్టికి మన ఊరి వాతావరణం పెద్ద పరీక్ష. ఎండకాలంలో 40 లీటర్ల తొట్టి నుంచి రోజుకు లీటరు ఆవిరైతే ఉప్పు వెయ్యి పాళ్లకు 35 నుంచి దాదాపు 36కు పెరుగుతుంది. రెండు మూడు రోజులు పట్టించుకోకపోతే జోయాలు ముడుచుకుంటాయి, మీరేమో తెగులనుకుని ఇంకో డిప్ వేస్తారు. అద్దం మీద టేపుతో గీత పెట్టి, పొద్దున సాయంత్రం ఆ గీత దాకా ఉప్పు లేని ఆర్ఓ నీళ్లు పోయండి. మన గాలిలో తేమ తక్కువ కాబట్టి నీటి మీదికి తిప్పిన చిన్న ఫ్యాను రెండు మూడు డిగ్రీలు సులువుగా దించుతుంది, ఆవిరి ఎంత పెరుగుతుందో అంత నీళ్లు కలిపే బాధ్యత మీది. నీళ్ల విషయంలో ఒక మాట: వంటింటి ఆర్ఓ యంత్రం రుచి కోసం ఖనిజాలు వదిలేస్తుంది, దాని టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత) 50 పైనే ఉండవచ్చు. బోరు నీళ్లలో ఉప్పు, ఫ్లోరైడ్ ఎక్కువుండే ఈ జిల్లాలో మిగిలిన లవణాలనూ తీసేసే డీఐ గొట్టం కూడా కలిపి టీడీఎస్ సున్నా తెచ్చుకోవడమే పద్ధతి. కరెంటు పోతే నడిచే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి పక్కన ఉంచుకోండి.

లైటు ఆర్పిన గంట తర్వాత ఎర్ర టార్చితో చూడండి. మామూలు టార్చికి ఎర్ర జిలుగు కాగితం చుట్టినా సరే. తెల్ల వెలుతురుకు చాలా పురుగులు క్షణంలో మాయమవుతాయి. పాలిప్‌ల మధ్య కాళ్లు చాపి కూర్చున్న లేత పసుపు సాలీడు కనిపిస్తే అది సముద్ర సాలీడు, పట్టకారతో తీసేయండి. తుప్పు రంగులో, తోక మూడు కొనలుగా ఉన్న అతి చిన్న చదును పురుగులు మష్రూమ్‌ల మీద గుంపు కడతాయి. వీటిని ముందు గొట్టంతో పీల్చి తీయాలి, మందు తర్వాత. ఒకేసారి వేలల్లో చస్తే వాటి ఒంట్లోని విషం చేపల్ని చంపుతుంది. సున్నపు గొట్టంలోంచి సాలెగూడు లాంటి జిగట దారం చాపేది వెర్మెటిడ్, గొట్టం నోటిని జిగురు జెల్‌తో మూసేయండి. వెంట్రుకలు, నల్లటి గోళ్లు ఉన్న పీతను అనుమానించాల్సిందే. నీళ్లలో "టక్" మని మాటిమాటికీ వినిపిస్తే మాంటిస్ రొయ్యో, పిస్టల్ రొయ్యో ఉన్నట్టు. కనిపించినవన్నీ శత్రువులు కావు. సన్నటి ముళ్ల పురుగులు చాలావరకు పాకీపని చేసేవే. కోపెపాడ్‌లు, యాంఫీపాడ్‌లు చేపలకు తిండి. చిన్న ఆస్టరీనా నక్షత్రాలు ఎక్కువగా పాచి తింటాయి, జోయాల మీద ఎక్కి కూర్చున్నది కనిపిస్తే మాత్రం తీసేయండి.

తెల్లమచ్చల తిత్తుల కోసం ఇంకో లెక్క. ఆ పరాన్నజీవి చేపను వదిలాక ప్లగ్, రాయి, గుల్ల వంటి గట్టి ఉపరితలాలకు తిత్తిగా అతుక్కుంటుంది. మామూలుగా 3 నుంచి 28 రోజుల్లో పిగిలి, చేప దొరక్కపోతే చచ్చిపోతుంది. కొన్ని మాత్రం చాలా ఆలస్యం చేస్తాయి. అందుకే ఈ తొట్టిలో చేప అసలు ఉండకూడదు. నీటిని 27 డిగ్రీల దగ్గర ఉంచి 45 రోజులతో సరిపెట్టుకునేవాళ్లు ఉన్నారు, జాగ్రత్తపరులు 76 రోజులు ఆపుతారు. మీ చేపలు ఏడాదిన్నరగా ఏ జబ్బూ లేకుండా ఉన్నాయంటే 76 రోజులు ఆగడానికి అదే మంచి కారణం. ఈ తొట్టిలో వాడిన వల, సిరంజి, గ్లవ్స్ అటు వాడకండి. పని ముగిశాక పనిముట్లను ఒక పాలు బ్లీచ్‌కు పది పాళ్ల నీళ్లలో అరగంట నానబెట్టి, కడిగి, మిద్దె మీద రెండు రోజులు ఎండబెట్టండి. పాలీటాక్సిన్‌కూ ఆ బ్లీచ్ విరుగుడే. మన ఎండకు తడిలో బతికే ఏ తెగులూ మిగలదు.

మళ్లీ కొనడానికి వెళ్లినప్పుడు ఫ్రాగ్ కంటే ముందు అది ఉన్న అంగడి తొట్టిని చూడండి. ఆ రాళ్ల మీద ఎయిప్టేసియా ఉంటే ఏ ఫ్రాగ్ ఎంత శుభ్రంగా కనిపించినా మీ ఇంటికీ రావడం ఖాయమనుకోండి. ఈ జవాబు మెత్తటి రకాల గురించే ఎందుకంటే, మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో రాతి పగడాలన్నీ, సముద్రపు విసనకర్రలూ ఉన్నాయి. ఎవరైనా "రామేశ్వరం సరుకు" అని చౌకగా గట్టి పగడం చూపిస్తే దూరంగా ఉండండి.

చివరగా మష్రూమ్ రాయి మీది పూలు. గాజులా పారదర్శకమైన గోధుమ రంగు, పొడవాటి కాడ, మొనదేలిన పోగులు, తాకబోతే గభాలున రంధ్రంలోకి ముడుచుకోవడం, ఇవన్నీ ఉంటే ఎయిప్టేసియా. పొట్టిగా, పోగుల చివర చిన్న బుడిపెలతో ఉంటే మజానో. రెంటికీ వైద్యం ఒకటే. గీకవద్దు, గిల్లవద్దు, నలపవద్దు. పాదం ముక్క ఒక్కటి మిగిలినా అందులోంచి కొత్తది పుడుతుంది. ఇప్పుడు రెండే కాబట్టి అదృష్టవంతులు. రాయి చేతికొచ్చేదైతే బయటికి తీసి, అవి ఉన్న చోటు మష్రూమ్‌లకు దూరంగా ఉంటే ఆ రాతి పెచ్చును కట్టర్‌తో మొత్తంగా విరిచి పారేయడం అన్నిటికంటే ఖాయమైన పని. తీయడానికి వీలు కాకపోతే కాల్షియం హైడ్రాక్సైడ్ పొడి, అంటే శుద్ధమైన సున్నం, తెచ్చుకోండి. పాన్ డబ్బాలోని తాంబూలం సున్నం వద్దు, అందులో వేరేవి కలిసి ఉండవచ్చు. ఒక చెంచా పొడిలో చుక్కచుక్కగా ఆర్ఓ నీళ్లు కలిపి గట్టి పెరుగులా చేసి, మొద్దు సూది ఉన్న సిరంజిలో ఎక్కించండి. కళ్లద్దాలు, గ్లవ్స్ మరవకండి, సున్నం కంట్లో పడితే ప్రమాదం. పంపులన్నీ ఆపి, సూదిని మెల్లగా దగ్గరికి తెచ్చి, ముడుచుకునేలోపు నోటి మీద, పోగుల మీద కప్పేయండి. పక్కనున్న మష్రూమ్ మీద పడితే వెంటనే సిరంజితో పీల్చండి. 20 నిమిషాలు ఆగి పంపులు వేయండి. సున్నం పీహెచ్ పెంచుతుంది కాబట్టి మీ 200 లీటర్లలో ఒక రోజుకు రెండు మూడుకు మించి వద్దు. పీహెచ్ 8.5 దాటితే మర్నాటికి ఆపండి. రెండు వారాలు అదే చోటు చుట్టూ భూతద్దంతో చూస్తూ ఉండండి, గుండుసూది తలంత పిల్లలు కనిపిస్తే మళ్లీ అదే వైద్యం.

పెప్పర్‌మింట్ రొయ్య వేస్తే తినేస్తుందని అంగట్లో చెబుతారు. లిస్మాటా జాతి పెప్పర్‌మింట్ రొయ్య చిన్న ఎయిప్టేసియాను తినే మాట నిజమే, ప్రతి రొయ్యా తింటుందని హామీ లేదు. కానీ దాని పేరుతోనే క్యామెల్ రొయ్యను అంటగట్టడం కద్దు. ఒంటి మీద పొడవునా సన్నటి ఎర్ర గీతలుండేది పెప్పర్‌మింట్. వీపు గూనిలా లేచి, పెద్ద కళ్లు, ఎర్ర గీతల మధ్య తెల్లటి పట్టీలు, చుక్కలు ఉండేది క్యామెల్. దాన్ని మీ తొట్టిలో వదిలితే ఎయిప్టేసియా జోలికి పోకుండా మష్రూమ్‌లను, ఇంత కష్టపడి శుభ్రం చేసిన జోయాలను మేస్తుంది.